లెక్కలు రాని మా లెక్కల సారు

మా డ్రిల్లు సారు పోయారు. ఆ కబురు అందేటప్పటికి నేను పులివెందులలో, మా స్కూలు వరండాలో ఉన్నాను. ప్రార్థన అయిపోయి పిల్లలు వరుసగా తరగతుల్లోకి వెళ్తున్నారు. మా పదో తరగతి బి సెక్షన్ వాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున పూలబొమ్మలతో శుభోదయాలు, మధ్యాహ్నం అరటిగెలల ధరలు, సాయంత్రం ఎవరిదో పాత మోటార్‌సైకిల్ అమ్మకానికుందన్న ఫొటో, అందులో మామూలుగా వచ్చేవి ఇవే. ఆ రోజు శుభోదయాల మధ్యలో ఓబులేసు రాశాడు: "డ్రిల్లు సారు పోయినాడు. ప్రొద్దుటూరులో, తెల్లారుజామున. రెండుసార్లు కనుక్కున్న."

చావు కబురు ఇట్లాగేనా పెట్టేది అని ఎవరో వాణ్ణి కోప్పడ్డారు. నాకు మాత్రం ఆ చివరి మాట చదివాక ఇక అనుమానానికి చోటు లేకపోయింది. ఒక్కసారి విని నమ్మేవాళ్ళుగా ఆయన మమ్మల్ని పెంచలేదు.

సెలవు అడగడానికి మా హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి, మా లెక్కల సారు పోయారని చెప్పాను. ఆయన కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించారు. కాసేపటికి తేరుకుని, మా డ్రిల్లు సారు ఎంత మంచివారో చెప్పడం మొదలుపెట్టాను. ఆయన మొహం ఇంకా చిన్నబోయింది.

"ఇద్దరూ ఒకే దినం పోయినారామ్మా?" అని అడిగారు.

ఇద్దరు కాదు సార్, ఒకరే అని చెప్పి, అదెట్లాగో వివరించి బయటపడేటప్పటికి ప్రొద్దుటూరు బస్సు వెళ్ళిపోయింది. ఆయన గురించి తొందరలో చెప్పబోతే ఎప్పుడూ ఇంతే. అందుకే ఇక్కడ మీకు నిదానంగా చెబుతాను.

మేము చదువుకున్నది జమ్మలమడుగులో, ఒక ప్రభుత్వ హైస్కూల్లో. డ్రిల్లు సారు అనగానే మీకు బక్కపలచగా, నిటారుగా, చురుకైన మనిషి కళ్ళ ముందు మెదిలితే చెరిపేసుకోండి. మా సారుకు బొజ్జ ఉండేది. ఒకప్పుడు కబడ్డీ బాగా ఆడేవారట. మోకాలు చెడింది, ఆట ఆగింది, తిండి ఆగలేదు. ఇది నేను వెటకారంగా అంటున్న మాట కాదు, ఆయన తన గురించి అందరికీ చెప్పుకున్నదే. మెడలో విజిల్, చేతిలో కొలతల టేపు. రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చేవారు. బస్సు ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగిందో, నిన్నటికీ ఈరోజుకూ తేడా ఏమిటో దిగేటప్పుడు కండక్టరుకు చెప్పేవారు. కండక్టర్లు ఆయన్ను చూసి జంకేవారు. తప్పు దొరుకుతుందని కాదు, ఆయన చెప్పడం మొదలుపెడితే బస్సు ఇంకా ఆలస్యమవుతుందని.

గ్రౌండ్‌లో లాంగ్ జంప్ దూకిస్తే "శెభాష్" అనడం ఆయనకు తెలియదు. ఎవరు ఎక్కడ పడ్డారో అక్కడ ఇసుకలో ఒక పుల్ల గుచ్చేవారు. ఎవరి పుల్ల వాళ్ళదే. పోయిన వారం పుల్ల దగ్గర నిలబెట్టి, ఈ వారం పుల్ల చూపించేవారు. మన కళ్ళు పక్కవాడి పుల్ల మీదికి పోతే మాత్రం విజిల్ మోగేది.

"వాని పుల్ల చూడాకు. వాని కాళ్ళు వానివి. నీ పుల్ల యాడుంది, అది చూసుకో."

మేము పదో తరగతికి వచ్చిన ఏడు మా లెక్కల సారుకు బదిలీ అయింది. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. మా పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, అందరినీ అడిగి చూశారు. సైన్సు టీచరు తన సిలబస్సే తెమలడం లేదన్నారు. తెలుగు పండితులు తనకు చిన్నప్పటి నుంచీ లెక్కలంటే గిట్టదని, ఈ వయసులో రాజీపడే ఉద్దేశం లేదని చెప్పారు. చివరికి ఖాళీ పీరియడ్లు ఉన్నది డ్రిల్లు సారుకే అని తేలింది. 'ఎ' సెక్షన్‌కు వేరే స్కూలు నుంచి వారానికి రెండు రోజులు ఒక టీచరు వచ్చేట్టు కుదిరింది. బి సెక్షన్ అంటే ఎటూ తప్పేవాళ్ళు. లెక్కలు చెప్పక్కర్లేదు సార్, గోల లేకుండా చూడండి చాలు అని పెద్దసారు ఆయన్ను బతిమాలుకున్నారు.

మొదటి రోజు సారు తరగతిలోకి వచ్చి అలవాటు ప్రకారం విజిల్ ఊదారు. మేము లేచి నిలబడ్డాం. పక్క తరగతి కూడా లేచి నిలబడింది. వాళ్ళను ఎవరూ కూర్చోమనకపోయేసరికి చాలాసేపు అట్లాగే ఉన్నారట.

"నాకు పదో తరగతి లెక్కలు రావు," అన్నారు సారు. "వచ్చని చెప్తే రేపే మీకు దొరికిపోతా. నేను నేర్పిచ్చిన పిల్లోళ్ళందరూ నాకంటే బాగా పరిగెత్తినోళ్ళే. నేను పరిగెత్తలేదు, వాళ్ళు యాడ తూలతాండారో చూసినా, అంతే. ఈడ గూడా అదే చేస్తా."

చేశారు. గైడు చూసి బోర్డు మీద ఒక లెక్క వేసి, మమ్మల్ని చేయమని, బెంచీల మధ్య తిరిగేవారు. జవాబు చూసేవారు కాదు. చెయ్యి చూసేవారు. పెన్ను ఎక్కడ ఆగింది, ఎక్కడ కొట్టివేసింది, ఎక్కడ పక్కవాడి వైపు మెడ తిరిగింది. తప్పు వచ్చినవాళ్ళను "యాడ ఆగింది?" అని అడిగేవారు. ఒప్పు వచ్చినవాళ్ళను "ఎట్ల వచ్చింది?" అని అడిగేవారు. మా ఫస్ట్ ర్యాంకు అమ్మాయికి ఇది పెద్ద అవమానం. ఒప్పు వచ్చాక కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సిన గతి ఏ స్కూల్లోనూ లేదని వాళ్ళింట్లో ఏడ్చిందట. తీరా చూస్తే ఆమెకు సగం లెక్కలు గైడులో ఉన్నవి ఉన్నట్టు నోటికి వచ్చు. అంకె మారిస్తే ఆగిపోయేది. ఆ సంగతి అంతవరకు ఆమెకు కూడా తెలియదు.

చూసింది చూసినట్టు సారు బస్సు టికెట్టు వెనకాల రాసి చొక్కా జేబులో వేసుకునేవారు. మా మీద పెద్దసారుకు చాడీలు రాస్తున్నారనుకున్నాం. అదేమీ లేదు. పీరియడ్ చివర్లో ఎవరి గురించి రాస్తే వాళ్ళను పిలిచి చదివి వినిపించేవారు. "ఇది నీ గురించి రాసినా. అబద్ధముంటే చెప్పు," అనేవారు. మా గురించి రాసింది అబద్ధమేమో చెప్పమని మమ్మల్ని అడిగిన టీచరు అంతకు ముందు లేరు, ఆ తర్వాతా నాకు తారసపడలేదు.

ఒకసారి సారు వాళ్ళ ఇంట్లో ఆ చొక్కా జేబులోని టికెట్లతో సహా ఉతికేశారు. మా సెక్షన్ మొత్తం ముద్దయిపోయింది. సారు మర్నాడు దిగులుగా వచ్చి, మీరందరూ ఈ రోజు నుంచి నాకు కొత్తవాళ్ళు అని ప్రకటించి, మళ్ళీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టారు. రెండు రోజులకు దిగులు పోయి హుషారు వచ్చింది. భాగహారం రాదని రాసుకున్న పిల్లలు కొందరికి ఈలోపే వచ్చేసిందట. తను మాత్రం రాదనే అనుకుంటూ వాళ్ళకు పాత లెక్కలే ఇస్తున్నారట. అప్పటి నుంచి ప్రతి నెలా పాత టికెట్లు తనే పారేసేవారు. ఒకసారి చూసి మనిషి ఇంతే అని నమ్మొద్దని చెప్పేవారు. ఆ ఉతికిన ఆవిడకు మేము ఋణపడి ఉన్నాం.

ఆయన చేసినవన్నీ బాగున్నాయని చెబితే ఆయనే ఒప్పుకోరు. ఒక పెద్ద పొరపాటు చేశారు.

తరగతి వెనక గోడ మీద పరుగుపందెం ట్రాకు ఒకటి గీశారు. మా అందరికీ ఒక్కొక్క కాగితపు బొమ్మ. లెక్కలు వచ్చినకొద్దీ బొమ్మ ముందుకు జరుగుతుంది. పెద్దసారుకు ఇది తెగ నచ్చింది. ఎవరు తనిఖీకి వచ్చినా చూపించడానికి ఒకటుందని సంబరపడి, రంగుకాగితాలు తెప్పించి, ఫొటో తీసి పైవాళ్ళకు పంపారు. మగపిల్లలు తమ బొమ్మలకు మీసాలు దిద్దుకున్నారు. ఫస్ట్ ర్యాంకు అమ్మాయి బొమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఓబులేసు బొమ్మ మాత్రం మొదలుపెట్టిన చోటే, వాకిలి పక్కన, నెలరోజులు అట్లాగే నిలబడి ఉంది. గాలికి ఒకటి రెండుసార్లు రాలిపోతే చెత్తతో పాటు ఊడ్చేశాం కూడా.

ఓబులేసు వాళ్ళది మైలవరం వైపు పల్లె. గొర్రెలు మేపుతారు, కొంచెం సేద్యం. వాళ్ళ నాయన ఏదో కాగితం మీద సంతకం కోసం స్కూలుకు వచ్చి, గోడ మీద బొమ్మలు చూసి ముచ్చటపడ్డాడు. ఆయనకు చదువు రాదు. మావోడు యాడుండాడు సార్ అని అడిగాడు. సారు ఆలోచించకుండా వేలు చూపించేశారు. ఆడ, వాకిలి కాడ.

ఆయన ఆ బొమ్మను కాసేపు చూశాడు. "వాకిలి కాడనే ఉండాడంటే బయటికి వచ్చేదానికే గదా సార్," అన్నాడు. కొడుకు సంచీ తనే తీసి భుజాన వేసుకున్నాడు. వాడి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. కేక లేదు, కోపం లేదు. సారు చాక్‌పీసు పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. గంట కొట్టినా విజిల్ ఊదలేదు.

ఓబులేసు మళ్ళీ రాలేదు. ఆ ఆదివారం సారు మమ్మల్ని ముగ్గుర్ని దారి చూపించమని వెంటబెట్టుకుని మైలవరం వైపు ఆటోలో బయలుదేరారు. వేరుశనగ పీకేసిన చేలో గొర్రెల మంద ఉంది. దగ్గరికి పోగానే కుక్క వెంటబడింది. చెడిన మోకాలితో, ఆ బొజ్జతో ఆయన పరిగెత్తడం మేము చూసింది అదొక్కసారే. గట్టు ఎక్కి ఆయాసపడుతూ కూడా, ఎంతసేపట్లో వచ్చానో ఎవరన్నా చూసినారా అని అడిగారు. ఎవరూ చూడలేదు. చాలా బాధపడ్డారు.

ఓబులేసు నాయన మాకు నీడన చోటు చూపించాడు. సారు బతిమాలారు, పరీక్షల దాకానైనా పంపమన్నారు. ఆయన తల అడ్డంగా ఊపి, తన బాధ చెప్పాడు. "సార్, వాడు గొర్రెలు గూడా సరిగ్గా ఎంచలేడు. యాపొద్దూ తప్పే. ఇంగ మీ లెక్కలు యాడ చేస్తాడు?"

ఓబులేసు తల దించుకున్నాడు. సారు ఏదో ధైర్యం చెబుతారనుకున్నాం. ఆయన ముందుకు జరిగి, తప్పంటే ఎట్లా తప్పు, ఎక్కువ చెబుతాడా తక్కువ చెబుతాడా అని అడిగారు. ఎక్కువే అన్నాడు తండ్రి. ఎప్పుడైనా తక్కువ చెప్పాడా? తండ్రి ఆలోచించాడు.

"లేదు. ఒకటి ఎక్కువ. యాపొద్దూ ఒకటే ఎక్కువ. లేని గొర్రెను యాన్నుంచి తెస్తాడో ఏమో."

సారు మొహంలో వెలుగు వచ్చింది. లేచి నిలబడ్డారు. "అప్పా, మందను దొడ్లోకి తోలిపిచ్చు. నేను చూడాల."

మిట్టమధ్యాహ్నం మంద తోలించారు. ఓబులేసు దొడ్డి వాకిట్లో నిలబడి ఎంచడం మొదలుపెట్టాడు. మంద ముందు నడిచే గంటమేకను పక్కన పట్టుకుని, దాని వీపు తట్టి "ఒకటి" అన్నాడు. గొర్రెలన్నీ లోపలికి పోయాక, చివర్లో ఆ మేకను వదులుతూ దాన్ని మళ్ళీ ఎంచాడు. సారు మా వైపు చూశారు. మేము నోరెత్తబోతే వద్దని సైగ చేశారు. మళ్ళీ బయటికి తోలించి, మళ్ళీ ఎంచమన్నారు. మళ్ళీ అదే. ఇంకొకసారి అన్నారు. గొర్రెలకు విసుగు వచ్చింది, మా సారుకు రాలేదు.

"మీవోనికి లెక్క రాదని ఎవురు చెప్పినారు?" అన్నారు చివరికి. "రోజుకొక తప్పు చేసేవాన్ని యాడ పట్టుకుంటాం? మీవోడు ఒకే తప్పు చేస్తాండాడు, అదీ ఒకే చోట. ఒక్క తప్పు దిద్దితే సరిపోతాది."

తండ్రి దొడ్డి తడిక మూసి వచ్చాడు. తర్వాత అడిగాడు. "ఒక్క తప్పే అయితే, ఇన్నేండ్లు బడికి పంపిస్తి గదా సార్. మీరెవురూ చూడలేదా?"

మా సీమలో మాట ఇట్లాగే ఉంటుంది, నేరుగా వచ్చి తగులుతుంది. సారు తప్పించుకోలేదు. "చూడలేదప్పా. చూసినాక నేను చేసిందేంది? గోడ మింద పెట్టినా. నేను దగ్గర పెట్టుకుని వాన్ని బాగుచేయాల్సింది పోయి, నలుగురికీ చూపిస్తి. తప్పు నాదే."

ఓబులేసు నాయన కొట్టంలోకి వెళ్ళి మాకు మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. సోమవారం ఓబులేసు వచ్చాడు. అప్పటికే సారు గోడ మీద ట్రాకును తుడిచి, బొమ్మలన్నీ పీకేశారు. పెద్దసారు లబలబలాడారు. ఫొటో పైకి పంపినాను, రేపు వాళ్ళు వచ్చి గోడ ఏదంటే ఏం చెప్పాలన్నారు. గోడ ఉంది గదా సార్ అన్నారు సారు.

పదో తరగతిలో శ్రేఢులని ఒక పాఠం ఉంటుంది. వరుసలో ఇరవయ్యో సంఖ్య ఏది, ముప్పయ్యో సంఖ్య ఏది అని అడుగుతారు. సూత్రంలో ఎన్నో సంఖ్య కావాలో అందులోంచి ఒకటి తీసివేయాలి. ఓబులేసుకు ఆ పాఠంలో ప్రతి జవాబూ ఒక మెట్టు ఎక్కువ వస్తున్నట్టు సారు టికెట్లలో ఉంది. ఎందుకొస్తున్నదో మాత్రం మేక చెప్పేదాకా ఆయనకు తట్టలేదు. మమ్మల్ని గ్రౌండుకు తీసుకుపోయి, నలుగురితో రిలే పరుగు పెట్టించారు. కర్ర ఎన్నిసార్లు చేతులు మారిందని ఓబులేసును అడిగారు. నాలుగు అన్నాడు వాడు. ఇంకోసారి పరిగెత్తించారు. మళ్ళీ నాలుగే. మూడోసారి ఆ నలుగురూ మొరాయిస్తూనే పరిగెత్తారు గానీ, వాడు మాత్రం ఈసారి కర్ర మీద నుంచి కన్ను తీయలేదు.

"మొదటోనికి కర్ర ఎవురూ ఇయ్యలేదు సార్," అన్నాడు మెల్లగా.

"అదే. ఆ ఒకటే నువ్వు తీసేయాల్సింది."

వాడు ఇసుకలో కూలబడి నవ్వాడు. నవ్వు ఎంతకీ ఆపుకోలేకపోయాడు. పరిగెత్తినవాళ్ళకు మాత్రం ఇందులో నవ్వేదేమిటో అర్థం కాలేదు.

ఇక నా సంగతి. మా నాన్న కువైట్‌లో డ్రైవరు. అక్కడ శుక్రవారం సెలవు గనక ఆ రోజు పొద్దున్నే ఫోను చేసేవారు. వచ్చే పండక్కు వస్తాననేవారు. రాలేరని ఆయనకూ తెలుసు, మా అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు. ఫోను పెట్టేశాక అమ్మ పొయ్యి ముందు కూర్చుండిపోయేది. నేను బ్యాగు తగిలించుకుని బడికి వచ్చేదాన్ని. ఒకరోజు అందరూ వెళ్ళాక సారు నన్ను ఆపారు. చేతిలో టికెట్లు పేకముక్కల్లా పరచుకున్నారు. టికెట్టు మీద తేదీ అచ్చయి ఉంటుంది కదా.

"షమీం, నీకు మైనస్ గుర్తు కాడ భయమని రాసుకుంటి. తప్పు రాసినా. బుధవారం మైనస్ బాగానే చేస్తాండావు. శుక్రవారమైతే ప్లస్ గూడా పోతాంది. ఎందుకని నేను అడగను. శుక్రవారం నీకు లెక్కలొద్దు, పరిగెత్తు."

నన్నొక్కదాన్నే పరిగెత్తిస్తే నలుగురూ అడుగుతారని, తను మాకు లెక్కలు చెప్పినన్నాళ్ళూ ప్రతి శుక్రవారం సెక్షన్ మొత్తాన్ని గ్రౌండు చుట్టూ పరిగెత్తించారు. ఎండలో రొప్పుతూ వాళ్ళంతా సారును తిట్టుకున్న తిట్లు నాకింకా గుర్తున్నాయి. అది ఎవరి కోసమో వాళ్ళకు ఈ రోజుకూ తెలియదు. ఇది చదివితే గ్రూపులో నా పని అయిపోతుంది.

చలికాలంలో ఒక అధికారి తనిఖీకి వచ్చారు. నేరుగా మా తరగతికి వచ్చి, మీలో టాపర్ ఎవరని అడిగారు. మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. గోడ మీది బొమ్మలు పోయాక ఆ లెక్క ఎవరూ పెట్టుకోలేదు. పెద్దసారుకు చెమటలు పట్టాయి. అధికారి ఓబులేసును లేపి, నీకు మార్కులెన్ని అన్నారు. పోయిన నెల కంటే మేలు సార్ అన్నాడు వాడు. అంటే ఎన్ని అన్నారు ఆయన. నావి నేను చెప్తా సార్, పక్కోనివి అడగాకండి అన్నాడు. పెద్దసారు కళ్ళు మూసుకున్నారు.

అధికారి బోర్డు మీద ఒక శ్రేఢి రాసి, ఇరవయ్యో సంఖ్య చెప్పమన్నారు. ఓబులేసు వేశాడు. తప్పు. అధికారి పెదవి విరిచేలోపే వాడు బోర్డు వైపు తిరిగి తలకొట్టుకున్నాడు.

"తప్పు సార్. నాది యాపొద్దూ ఆన్నే పోతాది. మొదటోనికి కర్ర ఇచ్చేస్తా," అంటూ తుడిచి, ఒకటి తగ్గించి మళ్ళీ వేశాడు. ఈసారి ఒప్పు.

కర్ర ఏమిటో అధికారికి అర్థం కాలేదు గానీ, తన తప్పు ఎక్కడుందో తనే చెప్పిన పిల్లవాణ్ణి ఆయన చాలాసేపు చూశారు. ఈ పిల్లలకు లెక్కలు ఎవరు చెబుతున్నారని అడిగారు. పెద్దసారు మా సారును ముందుకు నెట్టారు. మీరు డిగ్రీలో మ్యాథ్సా అని అడిగారు అధికారి. పెద్దసారు అవునన్నారు. మా సారు, "డ్రిల్లు సార్," అన్నారు. ఇద్దరి జవాబూ ఒకేసారి వచ్చింది.

అధికారి నవ్వలేదు, కోప్పడలేదు. పదో తరగతికి డ్రిల్లు సారుతో లెక్కలు చెప్పిస్తున్నారా అని పెద్దసారును మాత్రం గదిలోకి పిలిచి అడిగారట. కొన్నాళ్ళకు మాకు అసలు లెక్కల సారు వచ్చారు. మా సారుకు దక్కిన బహుమానం అది. మళ్ళీ ఎండలోకి, గ్రౌండులోకి వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు కొత్త సారును వేపచెట్టు కింద కూర్చోబెట్టి, ఒక మధ్యాహ్నమంతా మాలో ఒక్కొక్కరి గురించీ చెప్పారు. ఎవరు ఎక్కడ ఆగుతారు, ఎవర్ని ప్రశ్న అడిగితే బిగుసుకుపోతారు, ఎవర్ని మధ్యాహ్నం అన్నం తిన్నాక అడగకూడదు. కొత్త సారు మొదట మొహమాటానికి విన్నారు. తర్వాత కాగితం అడిగి రాసుకున్నారు.

పరీక్షల్లో అందరం గట్టెక్కలేదు. ఓబులేసు లెక్కల్లో పాసయ్యాడు, హిందీలో తప్పాడు. హిందీలో వాడు ఎక్కడ తూలుతున్నాడో చూసినవాళ్ళు లేరు. సారు ఇది విని హిందీ గైడు కొనుక్కుని మైలవరం వెళ్ళబోతే, వాడే పరుగున వచ్చి వద్దు సార్, నేనే చూసుకుంటానని కాళ్ళు పట్టుకున్నాడు. సప్లిమెంటరీలో పాసయ్యాడు. ఇప్పుడు చిలమకూరులో సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర లారీల లెక్క చూసే పనిలో ఉన్నాడు. లేని లారీ ఇంతవరకు ఒకటీ తేలేదని గర్వంగా చెబుతాడు.

నేను టీచరునయ్యాక సారు ప్రొద్దుటూరు నుంచి అప్పుడప్పుడూ ఫోను చేసేవారు. పిల్లోళ్ళు ఎట్లుండారని అడిగేవారు. బాగున్నారు సార్ అంటే ఒప్పుకునేవారు కాదు. బాగుండారంటే ఏంది, ఎవురు, యాడ అని నిలదీసేవారు. ఒకసారి విసుగొచ్చి నా కష్టం చెప్పుకున్నాను. పొద్దున్నుంచి ఫోనులో ఎక్కించడమే సరిపోతోంది సార్, హాజరు, భోజనం, గుడ్లెన్ని, మరుగుదొడ్డి ఫొటో అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"గుడ్ల లెక్క పైకి పోతాంది, మంచిదే. పిల్లోని లెక్క మాత్రం నీ దగ్గరే ఉండాల. నువ్వు పాఠం చెప్తివి, అది నీ మాట. వానికి వచ్చిందా లేదా, అది వాని చెయ్యి చెప్పాల."

నాకు ఆ రోజు కోపం వచ్చింది. అయినా మర్నాడు బోర్డు వదిలి బెంచీల మధ్యకు వెళ్ళాను. నేను అద్భుతంగా చెప్పాననుకున్న పాఠం దగ్గర సగం పెన్నులు ఒకే చోట ఆగి ఉన్నాయి. తూలింది పిల్లలు కాదు, నేను. చూడకపోయి ఉంటే ఏడాదంతా వాళ్ళనే తిట్టేదాన్ని.

నేను ప్రొద్దుటూరు చేరేటప్పటికి ఇంటి ముందు జనం ఉన్నారు. సారు భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అడగకుండానే చెప్పారు. ఆయన రోజూ లేవగానే మంచం మీద కూర్చుని నాడి చూసుకునేవారట. ఆ తెల్లారుజామున గడియారం చూస్తూ, ఈ పొద్దు శానా తగ్గిందే అని ఆశ్చర్యపోయారట. ఆవిడ ఆసుపత్రికి పోదాం లెమ్మన్నారు.

"ఉండు, ఇంకోసారి చూడనీ, ఒక్కసారి చూసి నమ్మకూడదు అన్యాడమ్మా," అన్నారావిడ. ఏడుస్తున్నారు, మధ్యలో నవ్వూ వస్తోంది, దాన్ని కొంగుతో అదుముకున్నారు. "రెండోసారి చూసుకుంటా ఒరిగిపోయినాడు. మొండి మనిషి." నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

మధ్యాహ్నం పాడె లేపారు. బంధువులు కాసేపు మోశాక, మాకూ ఇయ్యండని పాత పిల్లలు ముందుకొచ్చారు. కొందరికి జుట్టు నెరిసింది, కొందరికి సారు కంటే పెద్ద బొజ్జలున్నాయి. ఎవరెవరు ఏ ఏడాది పిల్లలో ఒకరికొకరు తెలియదు. ఓబులేసు ముందువైపు భుజం పట్టాడు. మేము ఆడవాళ్ళం వాకిట్లో నిలబడ్డాం. తప్పెట మోగింది. నాలుగు అడుగులు వేశారో లేదో, ఎవరూ చెప్పకుండానే వాళ్ళ కాళ్ళు కలిసిపోయాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ముందు నడుస్తున్న పెద్దాయన వెనక్కి తిరిగి, మెల్లగా నడవండ్రా, ఇది పెరేడ్ కాదు అని కసిరాడు. వాళ్ళు ఉలిక్కిపడి, సిగ్గుపడి, అడుగులు తప్పించుకున్నారు. కొంచెం దూరం ఎవరి నడక వాళ్ళు నడిచారు. వీధి చివర నూనె మిల్లు దాటేటప్పటికి, మేము చూస్తుండగానే, ఆ కాళ్ళన్నీ మళ్ళీ ఒకేసారి లేచి ఒకేసారి పడుతున్నాయి. పాడె ఏమాత్రం ఊగకుండా, సమంగా, దుమ్ములో మలుపు తిరిగింది.